అమ్మమ్మ గొంతు ఎందుకు మారింది?

1970, 80 దశకాలలో సముద్రాలు దాటి వచ్చిన కుటుంబాలకు టెలిఫోను సంభాషణ ఖరీదైన వ్యవహారం. అందుచేత ఎన్నో ఇళ్ళ క్షేమసమాచారాలు, జోలపాటలు, పెద్దల ఆశీస్సులు క్యాసెట్లలో ప్రయాణం చేసేవి. ఆ క్యాసెట్లను ఇప్పుడు వారి పిల్లలు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. ఎక్కించిన దానిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో వినిపించగానే ఇంటి పెద్దావిడ ముఖం చిట్లిస్తుంది: "మా అమ్మ గొంతు ఇలా ఉండేది కాదు." ఆ మాటను వయసు మీదికి తోసివేయడం పొరపాటు. ఆ తల్లి గొంతును ఎరిగిన చెవి ఆ ఇంట అదొక్కటే. మనుమలు రేపు గుర్తుంచుకొనేది ఫైలు వినిపించిన గొంతునే.

ఇటువంటి సందర్భాలలో సామాన్యంగా జరిగేది రోగనిర్ణయం లేని వైద్యం. శ్రుతి పెంచే మీట, వేగం మార్చే మీట, గరగర తీసివేసే మీట – తెరమీద కనిపించినవన్నీ వరుసగా నొక్కడం, చెవికి కాస్త ఇంపు కాగానే పాత ఫైలు మీదనే భద్రపరచడం. ప్రయోగశాలలో ఒకేసారి నాలుగు అంశాలు మార్చిన విద్యార్థి ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేడు. ఇక్కడా అంతే.

ముందుగా తేలవలసినది లోపం ఫైలులో ఉన్నదా, ఫైలు నుంచి చెవి దాకా ఉన్న దారిలో ఉన్నదా అన్నది. అదే ఫైలును మరొక కంప్యూటరులో, తీగ ఉన్న హెడ్‌ఫోన్లతో వినాలి. అక్కడ బాగుంటే ఫైలును ముట్టుకోవలసిన పని లేదు. చిటపటలు, మధ్యమధ్య తెగిపోవడాలు చాలామట్టుకు బఫరు చిన్నదిగా ఉన్నందువల్ల వచ్చేవి, పెంచితే పోతాయి. బ్లూటూత్ హెడ్‌సెట్టులోని మైకు కూడా పనిచేస్తున్నప్పుడు ధ్వని తరచు టెలిఫోను స్థాయికి పడిపోతుంది. వేరే మైకును ఎంచుకుంటే సరి.

గొంతే మారినప్పుడు మాత్రం గడియారాన్ని సాక్షిగా పిలవాలి. కాంపాక్ట్ డిస్కు ధ్వని సెకనుకు 44,100 నమూనాలతోను, వీడియో ధ్వని సామాన్యంగా 48,000 నమూనాలతోను నడుస్తాయి. 48,000 చొప్పున పట్టిన ధ్వనిని 44,100 అని పొరబడి వినిపిస్తే 30 నిమిషాల సంభాషణ 32 నిమిషాల 39 సెకన్లకు సాగుతుంది. శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది. ఆడవారి గొంతు బరువెక్కి, అలసినట్టు వినిపిస్తుంది. క్యాసెట్టు తిరిగిన కాలానికీ ఫైలు నిడివికీ ఈ నిష్పత్తిలో తేడా ఉంటే, ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులో ట్రాకు రేటును సరిదిద్దితే చాలు. ఒక్క నమూనా విలువ కూడా మారదు.

రెండు కాలాలూ సమానమై కూడా శ్రుతి తప్పితే దోషం టేపురికార్డరుది – ఇక్కడిదో, ఆనాడు అక్కడ వాడినదో. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి; రబ్బరు బెల్టు సాగితే నడక తప్పుతుంది. ఇక్కడ ఎవరూ విలువ ఇవ్వని ఆధారం ఒకటి ఉన్నది: వెనుక వినిపించే హోరు. ఊరిలో కరెంటు మీద నడిచిన రికార్డరు 50 హెర్ట్జుల హోరును ఆనాడే టేపు మీద ముద్రించి ఉండవచ్చు. స్పెక్ట్రమ్ చిత్రంలో అది 47 దగ్గర కనిపిస్తే, టేపు సుమారు 6 శాతం నెమ్మదిగా నడిచిందని అనుమానించవచ్చు. నిర్ధారించరాదు. ఆ రోజులలో దక్షిణాది గ్రిడ్డు పౌనఃపున్యం 50కి దిగువన ఉండడం పరిపాటి. సరిగ్గా 60 వద్ద కనిపించేదో, సామాన్యంగా అమెరికాలో ఎక్కించినప్పుడు చేరిన హోరు; దానికి ఊరితో నిమిత్తం లేదు.

గరగర తీసివేసే మీటను మొదటే నొక్కినవారు ఈ సాక్ష్యాన్ని చేజేతులా చెరిపివేసుకుంటున్నారు. దానితోపాటు పెరటిలోని నూతిగిలక చప్పుడు కూడా పలచబడవచ్చు.

వినబడితే చాలదా, ఇంత తంటా ఎందుకు అనేవారున్నారు. వినికిడి తగ్గిన పెద్దల కోసం శుభ్రపరచిన ప్రతి ఒకటి తయారు చేయడంలో తప్పు లేదు, తొలి ఫైలు వేరొక డిస్కులో చెక్కుచెదరక ఉన్నంతవరకు. శ్రుతి విషయంలో హోరు సందేహం మిగిల్చిన చోట పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని, వేగాన్ని ఒక్కొక్క శాతం మారుస్తూ, "ఇదీ మా అమ్మ" అన్న చోట ఆగాలి. ఆవిడ ఆపిన అంకెను, హోరు చూపిన అంకెను, రెండింటినీ తేదీతో సహా క్యాసెట్టు పెట్టె మీద రాసి ఉంచాలి.