ఆట ఎవరికి ఉద్యోగం, ఎవరికి సరదా?

మాసిడోనియా ఫుట్‌బాల్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు గోరాన్ పాండెవ్. స్ట్రుమిట్సా పట్టణంలో పుట్టి, 2001లో పద్దెనిమిదేళ్ళ వయసులో ఇటలీ వెళ్ళాడు. 2010లో ఇంటర్ మిలాన్ జట్టుతో ఒకే సీజన్‌లో మూడు పెద్ద ట్రోఫీలు గెలిచాడు. 2020 నవంబరులో జార్జియాపై అతను కొట్టిన ఒకే ఒక్క గోల్, ఇరవై లక్షల జనాభా కూడా లేని ఆ దేశాన్ని మొదటిసారి యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌కు చేర్చింది. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చివరిసారి దేశం తరఫున ఆడి మైదానం వీడుతుంటే, తోటి ఆటగాళ్ళు రెండు వరుసలుగా నిలబడి వీడ్కోలు చెప్పారు. ఆ గౌరవానికి అతను అన్ని విధాలా అర్హుడే.

అదే దేశంలో 1993లో పుట్టిన నటాషా ఆండొనోవా కూడా ఇరవై ఏళ్ళు నిండకముందే ఇల్లు వదిలింది. జర్మనీలో పోట్స్‌డామ్, తర్వాత స్వీడన్, నెదర్లాండ్స్, 2017లో బార్సెలోనా, 2019లో లెవాంటే. ఆట కోసం నాలుగు దేశాలు తిరిగింది. ఆమె పేరు మనలో ఎంతమంది విన్నాం?

ఆడవాళ్ళ ఆటకు ప్రేక్షకులు లేరు, ప్రేక్షకులు లేనిచోట డబ్బూ పేరూ ఎక్కడినుంచి వస్తాయని అడుగుతారు. ఈ వాదన చరిత్రను దాచిపెడుతుంది. 1920లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో జరిగిన ఒక మహిళల మ్యాచ్‌కు 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాదే ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో స్త్రీలు ఆడకూడదని నిషేధించింది. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇలాంటి నిషేధమే అమలైంది. అంటే ప్రేక్షకులు రాకపోవడం కాదు, వచ్చిన ప్రేక్షకుల్నే వెళ్ళగొట్టారు. ముందు గేటు మూసి, ఆ తర్వాత లోపల ఎవరూ లేరని చెప్పడం పితృస్వామ్యానికి అలవాటైన పని.

ఆండొనోవా స్పెయిన్‌లో ఉన్న కాలంలోనే, 2019 నవంబరులో, అక్కడి మొదటి డివిజన్ క్రీడాకారిణులు సమ్మె చేశారు. వాళ్ళు అడిగింది కోట్లు కాదు. కనీస వేతనం, దెబ్బ తగిలినప్పుడు జీతం, ప్రసూతి సెలవు. 2020 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. కనీస వేతనం ఏడాదికి 16 వేల యూరోలు. క్రీడాకారిణులకు కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఇవ్వాలని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది కూడా 2021లోనే.

వృత్తి జీవితం అంటే ప్రతిభ ఒక్కటే కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. కాలు విరిగితే జీతం వస్తుందా, బిడ్డను కంటే ఉద్యోగం ఉంటుందా అన్నవే ఆ జీవితం ఎంతకాలం సాగుతుందో నిర్ణయిస్తాయి. మగవాడికి మొదటినుంచీ ఒప్పందంలో భాగమైన భద్రతను ఆడవాళ్ళు సమ్మె చేసి సంపాదించుకోవాల్సి వచ్చింది.

ఇది మనకు కొత్త కథ కాదు. అంగన్‌వాడీ కార్యకర్త రోజంతా చేసే పనికి ఇచ్చేదాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. అక్కడ ఆటను సరదా అన్నారు, ఇక్కడ పనిని సేవ అన్నారు. రెండు మాటలూ చేసే పని ఒక్కటే: స్త్రీ శ్రమను శ్రమగా లెక్కించకపోవడం.

అందుకే గెలిచిన ఆడపిల్లలకు పూలమాల వేసి ఊరుకోకూడదు. వాళ్ళ చేతిలో ఒప్పంద పత్రం ఉందా అని అడగాలి. అందులో ఏం రాసి ఉందో చదవాలి.