యూరియా మూటతో స్ట్రాబెర్రీకి తీపి రాదు

లంబసింగి, చింతపల్లి చుట్టుపక్కల స్ట్రాబెర్రీ వేస్తున్న రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు మనవి. ఈసారి మొక్కలు నాటకముందే ఎరువు లెక్క మార్చుకుందాం. 45 కిలోల యూరియా మూటలో దాదాపు 21 కిలోలు నత్రజనే. వరికి చల్లినట్టు దాన్ని స్ట్రాబెర్రీకి చల్లితే ఆకు ముదురు పచ్చగా, ఏపుగా లేస్తుంది, తోట కళకళలాడుతుంది. కానీ మనం అమ్మేది ఆకు కాదు. నత్రజని ఎక్కువైతే పండు మెత్తబడుతుంది, తీపి తగ్గుతుంది. గుబురాకుల కింద తడి ఆరక బూడిదరంగు బూజు పడుతుంది. అలాంటి పండు ఘాట్ దిగి విశాఖ చేరేలోపే డబ్బా అడుగున నీరు కారుతుంది.

ఈ మొక్క వేళ్లు చాలావరకు పై జానెడు మట్టిలోనే ఉంటాయి, ఉప్పును అసలు ఓర్చుకోవు. అందుకే ఎరువు ఒక్కసారే గుమ్మరించకుండా డ్రిప్‌లో వారం వారం కొద్దికొద్దిగా ఇవ్వాలి. మొక్క ఎదిగేటప్పుడు 19:19:19, పూత మొదలయ్యాక పొటాష్ ఎక్కువుండే 13:0:45 మేలు. క్లోరైడ్ ఉండే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఈ పంటకు వద్దు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడదాం. పండు గట్టిదనానికి కాల్షియం నైట్రేట్ కావాలి, అయితే దాన్ని సల్ఫేట్‌తో ఒకే తొట్టిలో కలిపితే తెల్లటి జిప్సం పేరుకుని డ్రిప్ రంధ్రాలు పూడిపోతాయి. పండు పైన కనిపించే ఒక్కో గింజ తన చుట్టూ ఉన్న కండను పెంచుతుంది. బోరాన్ తక్కువై పరాగసంపర్కం దెబ్బతింటే గింజ కట్టని చోట పండు నొక్కుకుపోతుంది. అలాగని బోరాన్ కాస్త ఎక్కువైనా మొక్కకు విషమే. కనుక మట్టి పరీక్ష లేకుండా దాని జోలికి పోకూడదు.

నీళ్లలో కరిగే ఎరువులు ఖరీదు కదా అంటారు. నిజమే, కిలో ధర చూస్తే యూరియాకు ఎన్నో రెట్లు. కానీ వాడేది కొంచెమే, పైగా అందులో వృథా తక్కువ. ఏరివేతలో పోయే పండ్ల విలువ కూడా ఖర్చులో రాసి చూడండి, అప్పుడు ఏది చవకో తేలుతుంది. రసాయనాలు ముట్టనివారికీ నత్రజని లెక్క వర్తిస్తుంది. పచ్చిపేడ ఆలస్యంగా వేస్తే అది చివికి, సరిగ్గా కాయ సమయానికి నత్రజని వదులుతుంది. బాగా చివికిన ఎరువు, ఆముదం పిండి బోదెలు కట్టేటప్పుడే వేయాలి.

ఆగస్టులోనే పొలంలో ఎనిమిది పదిచోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపుదాం. ఆ ఫలితాలతో చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను ఊరూరా కలిసి మోతాదులు రాయించుకుందాం. కరిగే ఎరువులు నాట్లకు ముందే మన మండలంలో నిల్వ ఉంచాలని వ్యవసాయ శాఖను అందరి సంతకాలతో అడుగుదాం.