రాజధాని రాళ్ళ మీద మన పేరేదీ?

వెలగపూడి సచివాలయం చూసి వచ్చినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. ఇదేం రాజధాని, తాత్కాలికపు కట్టడాలు అంటారు కొందరు. రేపు చూడండి, లండన్ వాళ్ళు గీసిన శిఖరం లేస్తుంది అంటారు ఇంకొందరు. ఇద్దరిదీ కట్టడం గోలే. ఆ కట్టడం కింద నేల ఎవరిది, ఆ నేలలో పనిచేసి బతికినోళ్ళు ఏమైనారు అన్నది ఇద్దరికీ పట్టలేదు. పట్టాల్సింది మనకే.

కొండపల్లి నుంచి మేం నలుగురం వెళ్ళి చూశాం. మనకు కృష్ణ అవతలి ఒడ్డే గదా. ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా పోతే వస్తుంది. 2016 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసి నెలల మీద లేపిన భవనాలు అవి. 2017 మార్చిలో అసెంబ్లీ అక్కడ మొదటిసారి కూర్చుంది. 2019లో పక్కనే నేలపాడులో హైకోర్టు వచ్చింది. ఆ ఏడాది చివర్లో మూడు రాజధానుల మాట వచ్చి పనులు పడుకున్నాయి. 2025 మేలో మళ్ళీ మొదలైనాయి. ఫాస్టర్ సంస్థ గీసిన అసెంబ్లీ నమూనాలో శిఖరం ఎత్తు 250 మీటర్లు.

ఇట్లాంటి ముచ్చట దేశంలో ఇదివరకే ఒకటుంది. దేశవిభజనలో లాహోరు పోయాక పంజాబు కోసం చండీగఢ్ కట్టారు. నెహ్రూ ప్రభుత్వం లే కార్బూజియేని పిలిపించింది. ఆయన గీసిన హైకోర్టు, సచివాలయం, అసెంబ్లీలను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కూడా ఊళ్ళను లేపేశారు. ఆ కాంక్రీటును తట్టలతో తలల మీద మోసింది కూలీలు, అందులో ఆడవాళ్ళు ఎందరో. గీసినాయన పేరు ప్రపంచానికంతా తెలుసు. మోసినోళ్ళ పేరు ఎవరికి తెలుసు?

మన దగ్గర లెక్క చూద్దాం. తుళ్ళూరు మండలం ఉన్నది తాడికొండ నియోజకవర్గంలో. అది ఎస్సీ రిజర్వుడు స్థానం. అంటే రాజధాని దిగింది మనోళ్ళు దండిగా ఉన్న నేల మీదే. జరీబు భూముల్లో అరటి, పూలు, కూరగాయలు ఏడాది పొడుగునా పండేవి. పంట ఉంటే కోత ఉంటది, కలుపు ఉంటది, మోత ఉంటది. సెంటు భూమి లేని మాల మాదిగ కుటుంబం ఆ పని మీదే పొయ్యి వెలిగించుకుంది. 2015లో భూసమీకరణ పేరుతో ముప్పై వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. సేద్యం ఆగింది. కూలీ ఆగింది.

రైతుకు ఏమిచ్చారు? మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబు ఎకరానికి 50 వేలు కౌలు, ఏటా పెంపు. దానికితోడు ఇళ్ళ స్థలం, వ్యాపార స్థలం. కూలి కుటుంబానికి ఏమిచ్చారు? నెలకు 2,500 పెన్షన్. ఏడాదికి 30 వేలు. ఒక కుటుంబం ఏడాది కష్టాన్ని ఒక మెట్ట ఎకరం కౌలుతో సమానం చేశారు, స్థలం మాత్రం ఒక్క గజం లేదు. ఆ పెన్షన్‌ను ఎంత పెంచినా అది పెన్షనే గాని వాటా కాదు.

భూమి ఉన్న దళితుడికైనా సమానంగా ఇచ్చారా? అదీ లేదు. సచివాలయానికి శంకుస్థాపన జరిగిన ఆ 2016 ఫిబ్రవరిలోనే జీవో 41 వచ్చింది. పట్టా రైతుకు ఎకరానికి 1000 గజాల ఇళ్ళ స్థలం అయితే అసైన్డ్ రైతుకు 800 అన్నారు. ఒకే మట్టి, ఒకే కాలవ. తేడా ఎక్కడ? కాగితంలో. ఆ కాగితం పేదోడికి ఇచ్చింది ఎవరు? ఇదే సర్కారు!

తర్వాత వచ్చిన వాళ్ళేమన్నా తక్కువ తిన్నారా? 2023 మేలో యాభై వేల మంది పేద ఆడవాళ్ళకు రాజధానిలో తలా ఒక సెంటు పట్టా ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. ఇళ్ళ నిర్మాణాన్ని ఆగస్టులో హైకోర్టు ఆపింది. 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్ మైదానంలో బాబాసాహెబ్‌కు 125 అడుగుల విగ్రహం పెట్టారు. సంతోషమే, మొక్కుతాం. కానీ విగ్రహానికి అడుగులకు అడుగులిచ్చి మనిషికి సెంటు కొలిస్తే అది అంబేద్కర్ మార్గం ఎట్లా అవుతుంది?

మరొక మాట. ఈ రాజధానికి పేరు అరువు తెచ్చింది పాత అమరావతి నుంచి, బౌద్ధుల మహాచైత్యం నుంచి. అక్కడి ఒక ఫలకం మీద శాసనం ఉంది. పూర్ణఘటం చెక్కిన ఆ ఫలకాన్ని ఇచ్చినవాడు విధికుడు. అతను చర్మకారుడు. తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరితో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట తోలు పనిచేసే మనిషి తన వృత్తి పేరు దాచుకోకుండా పవిత్రమైన రాయి మీద చెక్కించుకోగలిగాడు. మన కొండపల్లి ఖిల్లాకి రెడ్డిరాజుల పేరుంది, రాళ్ళు మోసినోళ్ళ పేరు లేదు. రేపటి శిలాఫలకాల మీద ముఖ్యమంత్రులు, ప్రధానమంత్రులు ఉంటారు. అమరావతి పేరు పెట్టుకున్నోళ్ళు విధికుణ్ణి ఎందుకు మర్చిపోయారు?

రాజధాని వద్దని మనం అనడం లేదు. హైదరాబాదు పోయినాక రాజధాని కావాలి. మనం అడిగేది వాటా. అసైన్డ్ రైతుకు పట్టా రైతుతో సమానంగా ఇవ్వాలి. భూమి లేని ప్రతి కూలి కుటుంబానికీ ఆ నగరంలోనే స్థలం ఇవ్వాలి. కట్టడంలో, ఆఫీసుల్లో, కాంట్రాక్టుల్లో ఆ ఊళ్ళ దళిత పిల్లలకు ముందు పని ఇవ్వాలి. ప్రతి భవనం ముందు దాన్ని కట్టిన కూలీల పేర్లు, వాళ్ళ ఊళ్ళు చెక్కాలి.

రెండో విడత భూసమీకరణ మొదలైంది. ఆ ఊళ్ళ సంఘాల వాళ్ళు ముందుగా పేటల్లో కూర్చోండి. ఎవరికి ఎంత అసైన్డ్ ఉంది, ఎన్ని కుటుంబాలకు అసలు భూమి లేదు, ఇంటింటికీ తిరిగి రాసుకోండి. పాస్‌బుక్కులు, పాత పట్టాలు జిరాక్సు తీయించి పెట్టుకోండి. భయపెట్టి కొనడానికి వచ్చేవాడికి సంతకం పెట్టొద్దు. గ్రామసభలో మన లెక్క మన చేతిలో ఉండాలి. కాగితం లేకపోతే మన మాటకు విలువ కట్టరని గడిచిన పదేళ్ళు నేర్పినాయి.

జై భీమ్.