వంశకథలు - సత్యము

పూర్వులు గొప్పవారని చెప్పుకొనుట యెల్లరకును ప్రియము. కాని ప్రియమైన దెల్ల సత్యము కానేరదు.

1620వ సంవత్సరమున మేఫ్లవరను నోడలో ఇంగ్లండు నుండి అమెరికాకు వలసపోయినవారిలో ఎలిజబెత్తు టిల్లీ యను 13 ఏండ్ల బాలిక యుండెను. ప్లిమత్తున దిగిన తొలి శీతకాలముననే యామె తల్లిదండ్రులు మరణించిరి. పిమ్మట నామె జాన్ హౌలండును వివాహమాడి పదిమంది బిడ్డలను గనెను.

ఆమె తొలి గవర్నరగు కార్వరు కుమార్తె యని వంశీయులు చిరకాలము చెప్పుకొనుచు వచ్చిరి. కార్వరు తరువాత గవర్నరైన బ్రాడ్‌ఫర్డు స్వహస్తమున వ్రాసిన చరిత్ర 1855లో లండను బిషప్పుగారి గ్రంథాలయమున గుర్తింపబడి, మరుసటి యేట అచ్చుపడెను. అందామె జాన్ టిల్లీ కుమార్తె యని స్పష్టముగ నున్నది. బెడ్‌ఫర్డుషైరులోని హెన్లో గ్రామపు చర్చి పుస్తకమునను 1607 నాటి యామె బాప్తిస్మము వ్రాయబడి యున్నది.

గవర్నరు పేరు తొలగినందున నా వంశమునకు వచ్చిన లోపమేమి? దిక్కులేనిదై కష్టముల కోర్చి సంసారము నిలిపిన బాలికయే ఘనతరమైన పూర్వురాలని మా యభిప్రాయము.

విద్యార్థులారా! మనలో ననేకులకు ముత్తాత పేరు తెలియును. ముత్తవ్వ పేరు తెలియదు. అవ్వ జీవించి యుండగనే యామె పుట్టినింటివారి పేర్లడిగి, తేదీతో వ్రాసి యుంచుడు.