రీరన్ కొడితే పాసవుతుందిలే!

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా పెదనాన్న అందరి ముందూ అడిగారు. "ఏరా, నువ్వింకా డెవలప్‌మెంటేనా, టెస్టింగ్‌లో పడేశారా?" అని. ఆ "పడేశారా"లోనే ఉంది చూడండి సంగతంతా. ఆయన్ని అని లాభం లేదు. జావా ఎక్కనివాడు అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సులో చేరతాడని మనమే కదా ఊళ్ళో అందరికీ నూరిపోసింది. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా "అబ్బాయి డెవలప్‌మెంటు" అని ఒత్తి పలికేవాళ్ళని చూశాను నేను.

"డెవలప్‌మెంటే పెదనాన్నా" అని తప్పించుకున్నాను. సగమే నిజం. ఆఫీసులో నేను చేసేది అదే. శనివారాలు మాత్రం రెండేళ్ళుగా ఒక చిన్న ఓపెన్ సోర్స్ బిల్డ్ టూల్‌కి టెస్ట్ సూట్ చూసుకుంటున్నాను. పైసా రాదు. ఆ టూల్ పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పుడు దాని పరువు కాస్త తీయబోతున్నాను. అందులో నా వాటాయే ఎక్కువ.

బిల్డ్ టూల్ చేసే పని వినడానికి చాలా తేలిక. ఏ ఫైలు మారిందో చూడు, దాని మీద ఆధారపడ్డవాటినే మళ్ళీ కట్టు, మిగతావాటి జోలికి పోకు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసినప్పటినుంచీ ఇదే కథ. మేక్‌కి ఫైలు మారిందనడానికి సాక్ష్యం ఒక్కటే, ఆ ఫైలు మీదున్న టైము. మా టూల్ కూడా అదే దారి.

చిక్కంతా అక్కడే. దీనికి టెస్ట్ రాయాలంటే ఏం చేస్తాం? ఒకసారి బిల్డ్ చేస్తాం, ఒక ఫైలు మారుస్తాం, మళ్ళీ బిల్డ్ చేసి సరిగ్గా అదే మళ్ళీ కంపైల్ అయిందా అని చూస్తాం. టెస్ట్‌లో ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. కానీ పాత ఈఎక్స్‌టీ3లో ఫైలు టైము సెకను లెక్కన ఉండేది, ఫ్యాట్‌లో అయితే రెండు సెకన్లు. మీరు ఫైలు మార్చినా టైము మారదు, టూల్ "ఏం మారలేదుగా" అంటుంది, టెస్ట్ ఫెయిల్. అదే టెస్ట్ పక్కవాడి ల్యాప్‌టాప్‌లో పాస్. అప్పుడు మనందరం చేసే పని ఒకటే... మధ్యలో ఒక స్లీప్ పెట్టి చేతులు దులుపుకోవడం. నేను చేరేనాటికి మా సూట్‌లో రెండొందల పైచిలుకు స్లీపులున్నాయి. సూట్ మొత్తం నడిచేలోపు ఇరానీ చాయ్ తాగి, ఇంకోటి కూడా చెప్పొచ్చు.

ఇక నా నిర్వాకం వినండి. మా సూట్‌లో ఒక టెస్ట్ ఉంది. నాలుగు ఫైళ్ళు ఒకేసారి కంపైల్ అవుతుండగా, మొదటి ఆబ్జెక్ట్ ఫైలు కనపడగానే ఒక హెడర్ మారుస్తుంది. తర్వాతి బిల్డ్‌లో ఆ హెడర్ వాడే ఫైళ్ళన్నీ మళ్ళీ కంపైల్ కావాలి. ఇది ఏ పదిహేనుసార్లకో ఒకసారి పడిపోయేది. రెండు వారాలు చూసి, "టెస్టే సరిగ్గా లేదు" అని తీర్పు చెప్పేసి, మూడుసార్లు నడిపి ఒక్కసారి పాసైనా పాస్ అనే సెట్టింగ్ పెట్టేశాను. బిల్డ్ పచ్చగా మారింది. అందరూ మెచ్చుకున్నారు కూడా!

రిలీజ్ అయిన నెలకి ఒక యూజర్ దగ్గరనుంచి ఉత్తరం. హెడర్‌లో ఒక స్ట్రక్ట్‌కి ఫీల్డ్ చేర్చాడట, ప్రోగ్రాం ఎక్కడెక్కడో క్రాష్ అవుతోందట. తన కోడ్‌లో తప్పుందనుకుని రెండు రోజులు వెతికాడు. చివరికి అన్నీ తుడిచేసి మొదటినుంచి బిల్డ్ చేస్తే బాగానే ఉంది. అంటే పాత హెడర్‌తో కంపైల్ అయిన ఆబ్జెక్ట్‌ని మా టూల్ తాజాదే అనుకుని లింక్ చేసేసింది.

కారణం చూస్తే, కంపైలర్ ఫైలు చదివేశాక, కంపైల్ ముగిసేలోపు ఎవరైనా ఆ ఫైలు మారిస్తే, ఆబ్జెక్ట్ ఫైలు టైము ఆ మార్పు కన్నా తర్వాతిదవుతుంది. టూల్ దృష్టిలో ఆబ్జెక్ట్ కొత్తది, సోర్స్ పాతది. కంపైల్ మొదలైన టైము రాసుకోవాల్సిన చోట మేం ముగిసిన టైముని నమ్మాం. ఆ టెస్ట్ పదిహేనుసార్లకొకసారి అరిచి చెబుతున్నది సరిగ్గా ఇదే. మెషీన్ బిజీగా ఉన్నప్పుడు హెడర్ మార్పు కంపైల్ మధ్యలో పడేది, అంతే. నేను దాని నోరు మూసేశాను.

ఆ ఉత్తరం రాసినతను తిట్టలేదు. తిట్టుంటే బావుండేది.

తర్వాత బుద్ధొచ్చి, పెద్దలెలా చేస్తున్నారో చూద్దామని గ్నూ మేక్ టెస్ట్ సూట్ తెరిచాను. మేక్ సీలో ఉంటే, టెస్టులు పెర్ల్‌లో ఉంటాయి (పెర్ల్ అనగానే మొహం చిట్లించకండి). పాత టైము కావాలంటే వాళ్ళు నిద్రపోరు. యూటచ్ అని ఒక ఫంక్షన్ ఉంది, ఫైలు టైముని నేరుగా చెప్పినన్ని సెకన్లు వెనక్కి జరిపేస్తుంది. సమాంతరంగా నడిచే పనులకి ఒక చిన్న సహాయక స్క్రిప్ట్ ఉంది. "ఫలానా ఫైలు కనపడేదాకా ఆగు" అని దానికి చెప్పొచ్చు. అంటే అదృష్టం మీద ఆధారపడిన వరుసని వాళ్ళు చేత్తో పట్టుకుని నడిపిస్తున్నారన్నమాట. చదవడానికి వీల్లేని ఫైలు గురించిన టెస్టుకైతే, ముందు అలాంటి ఫైలొకటి తయారుచేసి తెరిచి చూస్తారు. రూట్‌గా నడిపితే అది తెరుచుకుంటుంది కదా, అప్పుడా టెస్ట్ వదిలేస్తారు. తెరుచుకోకపోతే ఆ సిస్టం ఇచ్చిన ఎర్రర్ మెసేజ్‌నే దాచుకుని దాంతోనే పోలుస్తారు. నేనైతే మెసేజ్‌ని కొటేషన్లలో రాసేసి, వేరే ఓఎస్‌లో పడిపోతే రీరన్ కొట్టేవాణ్ణి.

టెస్టులు ఒకసారి రాస్తే అయిపోయిందనుకునేవాళ్ళకి ఇంకో ముచ్చట. 2017లో పెర్ల్ 5.26 వచ్చినప్పుడు, ప్రస్తుత డైరెక్టరీలో మాడ్యూళ్ళు వెతకడం భద్రత కోసం మానేసింది. దాంతో 2016లో వచ్చిన మేక్ 4.2.1 టెస్ట్ సూట్ తన సొంత డ్రైవర్ ఫైలునే కనుక్కోలేకపోయింది. మేక్‌లో ఒక్క అక్షరం మారలేదు! లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం చూసి కట్టుకునేవాళ్ళు, టెస్టుల డైరెక్టరీ ఎక్కడుందో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో పెర్ల్‌కి చెప్పి నడుపుకోవాల్సి వచ్చింది. తర్వాతి వెర్షన్ 4.3 వచ్చింది 2020 జనవరిలో. ఇలాంటివి ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. రిలీజ్ నోట్స్‌లో దీనికి చప్పట్లుండవు.

నాకు బాగా నచ్చింది మాత్రం 2022లో మేక్ 4.4లో వచ్చిన షఫుల్ ఆప్షన్. డిపెండెన్సీ రాయడం మర్చిపోయినా, వరుస కలిసొచ్చి బిల్డ్ పాసవుతూ ఉంటుంది. షఫుల్ కావాలనే ఆ వరుసని కలిపేసి, పడేట్టయితే ఇప్పుడే పడు అంటుంది. పడితే, ఏ సీడ్‌తో కలిపిందో ఎర్రర్ పక్కనే ముద్రిస్తుంది. ఆ నంబరిస్తే మళ్ళీ అదే వరుస. రీరన్ కొట్టడమంటే సరిగ్గా దీనికి తలకిందులు. దొరక్క దొరికిన సాక్ష్యాన్ని మనమే పారేస్తున్నాం.

"ఆఫీసులో డెడ్‌లైన్ నెత్తి మీదుంటే ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి బాబూ" అంటారని తెలుసు. నేనూ అక్కడే పనిచేస్తున్నాను. అవతలి సర్వర్ పలకక పడిపోయిన టెస్టుకి రీరన్ కొట్టండి, నేనేమీ అనను. కానీ ఎందుకు పడిందో తెలియకుండా కొట్టిన రీరన్‌ని పాస్ అని లెక్కేయకండి. కనీసం ఎన్నిసార్లు కొట్టారో రాసిపెట్టుకోండి. పైగా ఇప్పుడు ఏఐతో టెస్టులు రాయించడం మొదలైందిగా, మొన్న మాకొక ప్యాచ్ వచ్చింది. పడిపోతున్న టెస్టుకి వైద్యం, ఐదు సెకన్ల స్లీప్! ఎవరి దగ్గర నేర్చుకుందో వేరే చెప్పాలా :-)

మూడింట ఒకటి పాసైతే చాలనే ఆ సెట్టింగ్ తీసేశాం. తీసిన వారమంతా బిల్డ్ ఎర్రగానే ఉంది. కొత్త ఫీచర్ రాస్తున్న కుర్రాడు "అన్నా, ఇది మళ్ళీ పెడదామా" అని రెండుసార్లు అడిగాడు. అతనితోనే కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూశాం. పదకొండు టెస్టుల్లో ఎనిమిది నిజంగా టెస్టు తప్పే, మూడు మాత్రం టూల్‌లో బగ్గులు. ఇంకా నలభై మూడు స్లీపులు మిగిలున్నాయి. వాటిలో ఆరు నేను రాసినవే. ఈ శనివారం వాటితో మొదలుపెడతాను.