వర్సిటీ గేటు మన ఊరి హైస్కూలుకూ తెరుచుకోవాలి

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు 20 చూపించిందనుకుందాం. నిబంధన ప్రకారం 17 శాతం దాటకూడదు. ఆరబోసుకునే చోటు లేక, పైన మబ్బు చూసి భయపడి, క్వింటాలుకు ఎంత తరుగు చెబితే అంతకు రైతు తల ఊపుతాడు. అసలు లెక్క ఏమిటి? 20 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లలో నీళ్లు 20 కిలోలు, పొడి సరుకు 80 కిలోలు. తేమ 17 శాతానికి దిగినప్పుడు ఆ 80 కిలోలే మొత్తం బరువులో 83 శాతం అవుతాయి. అంటే మిగిలే బరువు 96.4 కిలోలు, తగ్గేది 3.6 కిలోలు. తేమ పేరుతో అంతకు మించి కోసే ప్రతి కిలో మన కష్టార్జితమే.

ఈ లెక్క మన ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి చేయగలదు. శాతాలు ఆమెకు వచ్చు. ఆ శాతాలు నాన్న వడ్ల కుప్ప దగ్గర పనికొస్తాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. బడి ఒక దారి, పొలం ఒక దారి అయిపోయాయి.

విశ్వవిద్యాలయాలను బడులతో కలిపే ప్రయత్నాలు అసలు లేవని కాదు. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ 2019-20లో మొదలుపెట్టిన విజ్ఞాన్ జ్యోతి అలాంటిదే. 9 నుంచి 12వ తరగతి వరకు చదివే ఆడపిల్లల కోసం పెట్టిన పథకం ఇది. నవోదయ విద్యాలయం కేంద్రంగా ఉంటుంది. ఐఐటీయో, ఎన్‌ఐటీయో, మరో విశ్వవిద్యాలయమో దానికి తోడు నిలుస్తుంది. పిల్లలను ప్రయోగశాలలకు తీసుకెళ్తారు. సైన్సు, లెక్కల్లో అదనపు తరగతులు చెబుతారు. శాస్త్రవేత్తలైన మహిళలతో మాట్లాడిస్తారు. తల్లిదండ్రులకు కూడా కౌన్సెలింగ్ ఇస్తారు. పదో తరగతి కాగానే ‘ఇక చాల్లే’ అనే ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి కాబట్టి, అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

పథకం మంచిదే. పరిధే చిన్నది. చుట్టుపక్కల బడుల నుంచి కొందరిని చేర్చుకున్నా, జిల్లాకు ఒకటీ అరా కేంద్రంతో ఎంతమందికి అందుతుంది? బడిపిల్లలతో మట్టి పరీక్షలు చేయించే కార్యక్రమాన్ని కూడా కేంద్రం 20 బడుల్లో ప్రయోగంగా మొదలుపెట్టి విస్తరించింది. అందులోనూ ముందు వరుస కేంద్రీయ, నవోదయ, ఏకలవ్య విద్యాలయాలదే. రైతు, కౌలు రైతు, కూలీ బిడ్డలు ఎక్కువగా చదివే జిల్లా పరిషత్ హైస్కూలు ఎప్పటిలాగే వెనక వరుసలో ఉంది.

ఊరి బడి పిల్లలకు తెలివి తక్కువా? 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలు ఆ మాట తప్పని తేల్చాయి. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు మార్కుల్లో కాస్త వెయిటేజీ ఇచ్చి, పదో తరగతి తర్వాత నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో చేర్చుకుంటే వాళ్లు ఇంజినీర్లయ్యారు. తలుపు తెరిస్తే వెళ్లగలరని రుజువైంది. ఆ తలుపు పదో తరగతికి ముందే ఎందుకు తెరవకూడదు?

ఇందుకు కొత్త సంస్థలు కట్టనక్కర్లేదు. ఆచార్య ఎన్జీ రంగా, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు బోధన, పరిశోధనలతో పాటు విస్తరణ కూడా బాధ్యతే. పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. ఒక్కో కేంద్రం చుట్టుపక్కల కొన్ని హైస్కూళ్లకు తోడు నిలవాలి. నెలకు ఒకరోజు శాస్త్రవేత్త బడికి రావాలి, మరో రోజు పిల్లలు ప్రయోగశాలకు వెళ్లాలి. తమ చేను మట్టి ఉదజని సూచిక, తమ బోరు నీటిలో ఉప్పు పిల్లలే కొలవాలి.

లెక్కలూ అంతే. ఎకరాకు 40 కిలోల నత్రజని వేయమన్నారనుకుందాం. 50 కిలోల డీఏపీ బస్తాలో 18 శాతం, అంటే 9 కిలోల నత్రజని ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోలు. ఒక డీఏపీ బస్తా వేస్తే, మిగిలిన 31 కిలోలకు యూరియా ఒకటిన్నర బస్తా చాలు. పక్క చేనువాడు మూడు వేశాడని మనమూ మూడు వేయనక్కర్లేదు. ఈ మాట పురుగుమందుల కొట్టువాడు చెప్పడు, ఇంట్లో బిడ్డ చెప్పగలదు.

‘రైతు బిడ్డ మళ్లీ మట్టిలోనే ఉండాలనా?’ అని కొందరు అడుగుతారు. కాదు. ఆ బిడ్డ డాక్టరే కావచ్చు, గణిత శాస్త్రవేత్తే కావచ్చు. తెలిసిన దానితో మొదలుపెడితే తెలియనిది తొందరగా పట్టుబడుతుంది, సైన్సు అంటే భయం పోతుంది. అయితే సైన్సు, లెక్కల టీచరు పోస్టులు ఖాళీగా ఉంచి, ల్యాబుకు తాళం వేసి, నెలకోసారి శాస్త్రవేత్తను పంపితే అది ఫొటోల కార్యక్రమమే అవుతుంది. ముందు టీచరు, తర్వాత అతిథి.

ప్రభుత్వాన్ని అడగడంతో మన పని అయిపోదు. ఈసారి బడి కమిటీ సమావేశానికి గ్రామ కమిటీ సభ్యులు వెళ్లాలి. ల్యాబు తెరిచి చూపించమనాలి, ఖాళీ పోస్టుల వివరాలు రాసుకోవాలి. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీర్మానం పంపాలి. మద్దతు ధర కోసం పోరాడిన మనం ఆ ధరలో తరుగు ఎంత పోతోందో లెక్కగట్టగల బిడ్డల కోసమూ పోరాడాలి.