సభల్లో తెలుగు మాట

డిసెంబరు వచ్చిందంటే చెన్నైలో మైలాపూరు, త్యాగరాయనగర్ సభలన్నీ తెలుగుతో మోగుతాయి. త్యాగయ్య కృతి లేని కచేరీ అరుదు. 2017లో యునెస్కో ఈ నగరాన్ని సంగీత నగరాల పట్టీలో చేర్చింది కూడా. సంతోషమే. మరి ఆ తెలుగును తెలుగుగా వినే ఏర్పాటేదీ?

"సంగీతానికి భాషేమిటండీ" అంటారు పెద్దలు. నేనొప్పుకోను. భాష అక్కరలేకపోతే 1943లో తమిళ ఇసై సంగం ఎందుకు పుట్టినట్టు? పాడేది వినేవాడికి అర్థం కావాలని అన్నామలై చెట్టియారు ప్రభృతులు పట్టుబట్టారు. న్యాయమైన కోరికే. ఆ న్యాయం తెలుగు పాటకు మాత్రం వర్తించదా?

తమిళ లిపిలో "బాగు" రాసినా "పాకు" రాసినా అక్షరాలొకటే. ఆ కాగితం చూసి నేర్చుకున్న పిల్ల ఏం పలుకుతుంది? తప్పు పిల్లది కాదు, దాని గొంతు బంగారం. సరిచెప్పవలసిన మన తెలుగాయన మూడో వరసలో తాళం వేస్తూ కూర్చుని, తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోతాడు!

మన సంఘాలనే అడుగుతున్నాను. ఉగాదికి సినిమాపాటల పోటీకి దొరికే హాలు, కృతులకు అర్థం చెప్పే ఒక్క తరగతికి దొరకదా? కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని తెలుగులో రాసిన త్యాగయ్య మనలాంటి బయటి తెలుగువాడే. ముందుగా పాటల పట్టిక ఇచ్చే సభలను, సాహిత్యం తెలుగు లిపిలో తాత్పర్యంతో వేయమని అర్జీ పెడదాం. అచ్చుఖర్చు సంఘాలు భరించాలి. ప్రూఫులు నేను దిద్దుతాను.